రూపాయి పెట్టకుండా పోకర్‌లో పదునెక్కడం ఎలా? ఫోన్, ఒక షీట్, కాస్త లెక్క చాలు

2023లో నేను బెంగళూరులో ఒక పీజీలో ఉండేవాణ్ణి. రాత్రి అన్నం తిని మంచం మీద వాలగానే ఫోన్‌లో పోకర్ యాప్ తెరవడం అలవాటైపోయింది. ఫ్రీ చిప్స్‌తో కాదు, నిజం డబ్బుతోనే. అప్పట్లో కర్ణాటకలో దానికి అడ్డు లేదు. యాప్ పేరు అనవసరం, ఇప్పుడది డబ్బు ఆటే ఆపేసింది. రెండు నెలల్లో 11,400 రూపాయలు పోగొట్టుకుని అన్‌ఇన్‌స్టాల్ చేశాను. "నా లక్ బాలేదు బ్రో" అని రూమ్మేట్‌కి చెప్పుకున్నాను కూడా.

ఈ మధ్య ఫోన్ స్టోరేజ్ నిండిపోయిందని డౌన్‌లోడ్స్ ఫోల్డర్ క్లీన్ చేస్తుంటే ఒక టెక్స్ట్ ఫైల్ కనపడింది. నేనాడిన ప్రతి హ్యాండ్ రికార్డు అందులో ఉంది. దాదాపు మూడు వేల హ్యాండ్లు. డిలీట్ చేసేద్దామనుకుని, ఒకసారి చూద్దాంలే అని ల్యాప్‌టాప్‌లో తెరిచాను. ఆ రోజు నుంచి పోకర్ గురించి నేను అనుకున్నవన్నీ తలకిందులయ్యాయి.

ముందు ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. రమ్మీ, మూడు ముక్కలాట తెలిస్తే ఇది పెద్ద కష్టం కాదు. టెక్సాస్ హోల్డెమ్‌లో మీకు రెండు ముక్కలు మూసి ఇస్తారు. తర్వాత బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు తెరుస్తారు: ముందు మూడు, అది ఫ్లాప్. తర్వాత ఒకటి, టర్న్. చివరగా ఒకటి, రివర్. ఈ ఏడింట్లో మంచి ఐదు ఎవరివైతే మధ్యలో పోగైన డబ్బు, అంటే పాట్, వాళ్లది. మూడు ముక్కలాటలో మనం కలర్ అనేది ఇక్కడ ఫ్లష్, సీక్వెన్స్ అనేది స్ట్రెయిట్. ప్రతి దశలోనూ పందెం కట్టొచ్చు, సరే అని కాల్ చెయ్యొచ్చు, పెంచొచ్చు, లేదా ముక్కలు పడేసి ఫోల్డ్ అయిపోవచ్చు.

నాకు గుర్తున్న రెండు హ్యాండ్లు

ఆ రెండు నెలల్లో నాకు బాగా గుర్తుండిపోయినవి రెండే. మొదటిది నా "మాస్టర్‌పీస్". చేతిలో 9, 8. ఫ్లాప్‌లో రాజు, 7, 5. టర్న్‌లో 2. పాట్‌లో 300 ఉంది, అవతలివాడు 300 కట్టాడు. నాకు స్ట్రెయిట్ పడాలంటే 6 ఒక్కటే దారి. కాల్ చేశాను. రివర్‌లో టక్కున 6 పడింది! అతని దగ్గర మిగిలిన 400 కూడా లాగేశాను. ఆ స్క్రీన్‌షాట్ వాట్సాప్ స్టేటస్ పెట్టాను.

రెండోది పీడకల. చేతిలో రెండు ఆసులు, ఆటలో అంతకన్నా మంచి మొదలు లేదు. ఫ్లాప్‌కి ముందే ఇద్దరం తలా 2,000 పెట్టేసి ఆల్-ఇన్. అతని దగ్గర రెండు రాజులు. రివర్‌లో మూడో రాజు పడింది. ఫోన్ మంచం మీదకి విసిరేశాను. (అదృష్టం, పరుపు మెత్తగా ఉంది.)

ఇప్పుడు లెక్క చూడండి. మొదటి హ్యాండ్‌లో నాకు కనపడని ముక్కలు 46, వాటిలో 6లు నాలుగు. అంటే పడే అవకాశం 8.7 శాతం. నేను పెట్టేది 300, గెలిస్తే వచ్చేది పాట్‌లోని 600, అతని చివరి 400 కూడా ప్రతిసారీ వస్తుందనే అనుకుందాం. మొత్తం వెయ్యి. వెయ్యిలో 8.7 శాతం అంటే 87. మిగతా 91.3 శాతం సార్లు 300 పోతుంది, అంటే సగటున 274. తీసేస్తే ఆ కాల్ చేసిన ప్రతిసారీ నాకు సగటు నష్టం 187 రూపాయలు. నేను స్టేటస్ పెట్టుకున్నది 187 రూపాయల తప్పుని!

రెండోదాంట్లో రెండు రాజుల మీద రెండు ఆసులు గెలిచే అవకాశం దాదాపు 82 శాతం. 4,000 పాట్‌లో నా వాటా 3,280, పెట్టింది 2,000. సగటు లాభం 1,280. అంటే ఫోన్ విసిరేసిన ఆ హ్యాండ్‌ని నేను అచ్చం ఆడాల్సినట్టే ఆడాను.

పోకర్ ఆడేవాళ్లు ఫలితాన్ని చూసి నిర్ణయానికి మార్కులు వెయ్యడాన్ని "రిజల్టింగ్" అంటారు. మాజీ పోకర్ ప్రొఫెషనల్ యానీ డ్యూక్ 2018లో రాసిన "థింకింగ్ ఇన్ బెట్స్" పుస్తకం మొదలయ్యేదే ఈ జబ్బుతో. ఆటలో ఎదగాలంటే మొదట వదిలించుకోవాల్సింది ఇదే. చెప్పడం తేలికే. అది ఒంటికి పట్టాలంటే మాత్రం చేతిలో అంకెలుండాలి.

రెండుతో గుణించు, నాలుగుతో గుణించు

అంకెలంటే భయపడక్కర్లేదు. టేబుల్ దగ్గర వాడేది ఎక్కాల పుస్తకం మొదటి పేజీ లెక్కే. మీకు పనికొచ్చే ముక్కలెన్ని మిగిలాయో లెక్కపెట్టండి, వీటిని అవుట్స్ అంటారు. ఇంకా ఒక్క ముక్కే తెరవాలంటే రెండుతో గుణించండి, రెండు ముక్కలుంటే నాలుగుతో. నాలుగు ఇస్పేట్లు చేరి ఐదోదాని కోసం చూస్తున్నారనుకోండి, 13లో 4 పోతే 9 అవుట్స్. తర్వాతి ఒక్క ముక్కలో పడే అవకాశం సుమారు 18 శాతం (అసలు అంకె 19), రెండు ముక్కల్లో 36 (అసలు 35). ఈ మాత్రం తేడా ఫర్వాలేదు.

కొత్తవాళ్లు తప్పు చేసేది నాలుగు దగ్గర. ఆల్-ఇన్ అయిపోయి రెండు ముక్కలూ ఉచితంగా చూసేటప్పుడే నాలుగుతో గుణించాలి. టర్న్ మీద మళ్లీ పందెం కట్టాల్సి ఉంటే ఇప్పటికి రెండే. నేను మూడు వేల హ్యాండ్లూ నాలుగుతోనే ఆడానని ఫైల్ చూశాక గానీ తెలియలేదు.

ఇంకో సగం: కాల్ చెయ్యడానికి ఎంత శాతం కావాలి? పాట్‌లో 100 ఉంది, అవతలివాడు 50 కట్టాడు. మీరు 50 వేస్తే మొత్తం 200 అవుతుంది. 200లో మీ 50 నాలుగో వంతు, కాబట్టి కనీసం 25 శాతం గెలుపు అవకాశం ఉండాలి. అతను పాట్ అంతా, 100 కడితే? 300లో మీ 100, అంటే 33 శాతం. ఫ్లష్ కోసం చూస్తున్నవాడికి తర్వాతి ముక్కలో 19 శాతమే ఉంది, కావాల్సింది 25. అయితే ఫోల్డేనా? కాదు, ఫ్లష్ పడ్డాక అవతలివాడి నుంచి ఇంకో 60 రూపాయలకి కాస్త పైగా సగటున రాబట్టగలను అనుకుంటే కాల్ సరైనదే. వాడు భయపడి ఫోల్డ్ అయ్యే రకమైతే తప్పు. లెక్క మిమ్మల్ని ఇక్కడి దాకా తెస్తుంది, ఇక్కడి నుంచి మనిషిని చదవాలి.

ఇదే లెక్కని తిరగేస్తే బ్లఫ్. 100 పాట్‌లో 50తో బ్లఫ్ చేస్తే మూడింట ఒకసారి అవతలివాడు పడేస్తే చాలు, మీకు నష్టం లేదు. 100తో చేస్తే రెండింట ఒకసారి పడెయ్యాలి. పెద్ద బ్లఫ్ వేసేవాడు ధైర్యవంతుడని అనుకుంటాం. ఎక్కువ ధర కట్టాడు, అంతే.

రెండు ముక్కల కాంబినేషన్లు మొత్తం 1,326, రంగులు వదిలేసి రకాలుగా చూస్తే 169. వీటిలో ఎన్నిటితో ఆట మొదలుపెట్టాలన్నది మీ కుర్చీని బట్టి మారుతుంది. ఆరుగురి టేబుల్‌లో అందరికంటే ముందు మాట్లాడాల్సినవాడు సుమారు ఆరింట ఒకటి ఆడితే, డీలర్ బటన్ దగ్గరున్నవాడు 40 శాతానికి పైగా ఆడొచ్చు. ఎందుకంటే ఫ్లాప్ తర్వాత అతను అందరి నిర్ణయాలూ చూశాకే నోరు విప్పుతాడు. బాగా ఆడేవాళ్లు మొత్తమ్మీద 20 నుంచి 25 శాతం హ్యాండ్లలోనే డబ్బు పెడతారు. నా ఫైల్‌లో నా అంకె ఎంతో తెలుసా? 47. బోర్ కొట్టి ఆడినవే సగం.

యంత్రం ఎలా నేర్చుకుంది?

టెక్ బుర్ర ఉన్నవాళ్లకి అసలు మజా ఇక్కడుంది. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లోని ఒక కేసినోలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి చెందిన తువోమాస్ శాండ్‌హోమ్, నోమ్ బ్రౌన్ తయారుచేసిన లిబ్రాటస్ నలుగురు ప్రొఫెషనల్స్‌తో ఒక్కొక్కరితో విడివిడిగా తలపడింది. 20 రోజులు, 1,20,000 హ్యాండ్లు. యంత్రం గెలిచింది. పగలు ఆ నలుగురూ యంత్రంలో ఎక్కడ లోపముందో వెతికి దాని మీద కొట్టేవాళ్లు. రాత్రి సూపర్ కంప్యూటర్ ఆ చోట్లనే తిరగరాసి పూడ్చుకునేది. పొద్దున్నకి ఆ కన్నం ఉండేది కాదు.

2019లో వచ్చిన ప్లూరిబస్ ఇంకా ఆశ్చర్యం. ఫేస్‌బుక్ ఏఐ, కార్నెగీ మెలన్ కలిసి చేసిన ఈ ప్రోగ్రామ్ ఆరుగురి టేబుల్‌లో ప్రొఫెషనల్స్‌ని ఓడించింది. దాని మూల వ్యూహం తయారు కావడానికి 64 కోర్ల సర్వర్ మీద 8 రోజులు పట్టింది, 512 జీబీ కంటే తక్కువ ర్యామ్ వాడింది. గ్రాఫిక్స్ కార్డులు లేవు. క్లౌడ్ అద్దె లెక్కేస్తే 150 డాలర్ల లోపు. ఇవాళ ఒక మిడ్‌రేంజ్ ఫోన్ ధర అంత ఉండదూ?

ఇవన్నీ నిలబడేది 2007లో వచ్చిన ఒక ఆలోచన మీద. ఆడిన ప్రతి చోటా యంత్రం తనని తాను అడుగుతుంది: "ఇక్కడ ఇది కాకుండా అది చేసి ఉంటే ఎంత మిగిలేది?" ఆ బాధని అంకెగా కూడబెట్టుకుంటుంది. ఎక్కువ బాధపడ్డ పనిని వచ్చేసారి ఎక్కువగా చేస్తుంది. దీన్నే కౌంటర్‌ఫ్యాక్చువల్ రిగ్రెట్ మినిమైజేషన్ అంటారు, పేరే భయంకరం. గమనించారా, ఆ ఒక్క చేతిలో గెలిచానా ఓడానా అన్నది దాని ప్రశ్న కానే కాదు.

దీన్ని మీ ఫోన్‌లోనే చేసి చూడొచ్చు. 1950లో హెరాల్డ్ కూన్ అనే గణితవేత్త మూడే ముక్కలతో ఒక బుల్లి పోకర్ రాశాడు. జాకీ, రాణి, రాజు. ఇద్దరూ తలా ఒక రూపాయి పెడతారు, తలా ఒక ముక్క తీసుకుంటారు, ఇంకో రూపాయి మాత్రమే పందెం కట్టొచ్చు. టెర్మక్స్‌లో పైథాన్ వేసుకుని గానీ, బ్రౌజర్‌లో గూగుల్ కోల్యాబ్ తెరిచి గానీ వంద లైన్లలోపు కోడ్‌తో పై పద్ధతి రాసేయొచ్చు. లక్ష రౌండ్లు తనతో తానే ఆడనివ్వండి, టీ తాగొచ్చేసరికి అయిపోతుంది.

ఏం తేలుతుందంటే, రెండో ఆటగాడు జాకీతో, అంటే అందరికన్నా చెత్త ముక్కతో, ఎదుటివాడు చెక్ అన్నప్పుడు మూడింట ఒకసారి బ్లఫ్ చేస్తున్నాడు. రాణితో పందేన్ని మూడింట ఒకసారి కాల్ చేస్తున్నాడు. మొదట ఆడేవాడు ఎంత బాగా ఆడినా రౌండుకి సగటున రూపాయిలో 18వ వంతు పోగొట్టుకుంటున్నాడు. ఎవరూ ఆ ప్రోగ్రామ్‌కి "అబద్ధం ఆడు" అని చెప్పలేదు. బ్లఫ్ లెక్కలోంచే పుట్టింది. నేను మొదటిసారి ఆ 0.333 స్క్రీన్ మీద చూసినప్పుడు కాసేపు అలా కూర్చుండిపోయాను. నేను బ్లఫ్ అంటే మూడ్ అనుకునేవాణ్ణి.

పూర్తి హోల్డెమ్‌కి సాల్వర్లు అనే సాఫ్ట్‌వేర్లున్నాయి. పయోసాల్వర్ విండోస్ మీద నడుస్తుంది, డబ్బు పెట్టాలి. టెక్సాస్‌సాల్వర్ లాంటి ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్స్ గిట్‌హబ్‌లో ఉన్నాయి. వీటికి ర్యామ్ బాగా కావాలి, 8 జీబీ ల్యాప్‌టాప్ అయితే చిన్న చిన్న సమస్యలే ఇవ్వండి. ఆట మధ్యలో వాడితే అది మోసం, ఏ సైటైనా అకౌంట్ లేపేస్తుంది. ఆడాక, మర్నాడు, మీ హ్యాండ్‌ని పోల్చి చూసుకోవడానికే.

మరి లక్ సంగతి?

ఉంది, మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువే ఉంది. ఆటలో ఆఖరి తప్పనిసరి పందేన్ని బిగ్ బ్లైండ్ అంటారు, గెలుపోటములు దాంతోనే కొలుస్తారు. 100 హ్యాండ్లకి సగటున 5 బిగ్ బ్లైండ్లు గెలిచేవాడు చాలా మంచి ఆటగాడు. కానీ అదే 100 హ్యాండ్లలో ఎగుడుదిగుడు, అంటే స్టాండర్డ్ డీవియేషన్, 90 దాకా ఉంటుంది. గూగుల్ షీట్స్‌లో నార్మ్‌ఇన్వ్ ఫంక్షన్‌లో ర్యాండ్, 5, 90 ఇచ్చి వంద గడులు కిందికి లాగండి, కూడండి. అదే 10,000 హ్యాండ్లు. రిఫ్రెష్ చేసిన పదిసార్లలో దాదాపు మూడుసార్లు మొత్తం మైనస్‌లో కనపడుతుంది. అంత మంచి ఆటగాడికీ! ఒక్క టేబుల్ మీద 10,000 హ్యాండ్లంటే సుమారు 150 గంటల ఆట.

ప్లూరిబస్ పరీక్ష కూడా 10,000 హ్యాండ్లే. అందుకే ఆ శాస్త్రవేత్తలు పచ్చి ఫలితాన్ని నమ్మలేదు. ఏఐవ్యాట్ అనే గణిత పద్ధతితో పడిన ముక్కల అదృష్టాన్ని వీలైనంత తీసేసి, అప్పుడు చెప్పారు యంత్రం గెలిచిందని. ఇక మొన్న రాత్రి రెండు గంటల్లో మూడు వేలు గెలిచాను కాబట్టి నాకు ఆట వచ్చేసిందని ఒకడంటే ఏం చెప్తాం?

ఓడితే "యాప్ రిగ్డ్ మామా" అనేవాళ్లకి ఒక నిజం కథ. 1999లో ఏఎస్ఎఫ్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ తమ షఫుల్ న్యాయమైనదని నిరూపించుకోడానికి కోడ్ బయట పెట్టింది. 52 ముక్కల్ని కలిపే తీరులు 8 పక్కన 67 సున్నాలు. కానీ ఆ ప్రోగ్రామ్ సీడ్‌గా తీసుకున్నది అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్లు, అంటే 8 కోట్ల 64 లక్షల తీరులే. సర్వర్ గడియారంతో సమయం సరిచూసుకుంటే సుమారు రెండు లక్షలకి దిగింది. రిలయబుల్ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీస్ పరిశోధకులు చేతిలోని రెండు ముక్కలు, ఫ్లాప్ మూడు చూసి మిగతావన్నీ చెప్పేశారు. సర్వర్ వైపు లోపమైతే అలా ఉంటుంది. "ఎదుటివాడి ముక్కలు చూపించే మోడ్ ఏపీకే" అని టెలిగ్రామ్‌లో తిరిగేవి వేరు. ఆ ముక్కలు మీ ఫోన్‌లోకే రావు, చూపించడానికి అక్కడేం లేదు. అది చూసేది మీ ఓటీపీలే.

ఇప్పుడు ఆడాలంటే

డబ్బుతో మాత్రం కుదరదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్ డబ్బు ఆటల్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చింది, 22న రాష్ట్రపతి ఆమోదం పడింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా అందులో లేదు, డబ్బు పెట్టి ఆడించే ఆటైతే నిషేధమే. నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆ కేంద్ర చట్టంలో ఆడేవాడికి శిక్ష లేదు గానీ రాష్ట్ర చట్టాల సంగతి వేరు. వీపీఎన్ వేసుకుని విదేశీ సైట్లకి వెళ్లే తమ్ముళ్లూ, అక్కడ డబ్బు ఇరుక్కుంటే అడగడానికి మీకు ఎవరూ ఉండరు.

ఫ్రీ చిప్స్ యాప్స్ ఉన్నాయి కదా, అవే చాలు. ఒక చిక్కుంది: పోయేదేం లేదు కాబట్టి అక్కడ ఎవడూ ఫోల్డ్ చెయ్యడు. బ్లఫ్ పూర్తిగా మానెయ్యండి, మంచి ముక్కలొచ్చినప్పుడు మాత్రం గట్టిగా కట్టండి. అవుట్స్, పాట్ లెక్క, కుర్చీ, ఈ మూడూ అలవాటు చేసుకోడానికి అంతకన్నా మంచి బడి లేదు. టైమర్ తిరుగుతుండగా శాతం మనసులో చెప్పుకుని, తర్వాత ఈక్విటీ క్యాలిక్యులేటర్‌లో సరిచూసుకోండి. చిప్స్ కొనమని పాపప్ వస్తూనే ఉంటుంది, ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకీ ఫింగర్‌ప్రింట్ పెట్టేయండి. బ్లఫ్ ప్రాక్టీస్ కావాలంటే నలుగురు ఫ్రెండ్స్‌తో ప్రైవేట్ టేబుల్ పెట్టుకుని, నెలాఖరుకి అడుగున ఉన్నవాడు గిన్నెలు తోమాలి అనుకోండి. మా ఫ్లాట్‌లో ఈ పందెం పెట్టాక బ్లఫ్‌లకి ఒక్కసారిగా విలువొచ్చింది.

ఇక ఆ ఫైల్ సంగతి. ఆల్-ఇన్ అయిన ప్రతి హ్యాండ్‌లో లెక్క ప్రకారం నాకు ఎంత రావాలి, ఎంత వచ్చింది అని ఒక షీట్‌లో వేశాను. అదృష్టాన్ని ఇది మొత్తం పట్టదు, కానీ పెద్ద ముక్క పడుతుంది. రెండు నెలల్లో పోయిన 11,400లో రాజుల చేతిలో ఆసులు ఓడిన ఆ రాత్రితో సహా దురదృష్టం వాటా 900. ప్రతి పాట్‌లోంచి యాప్ కోసుకున్న కమిషన్‌లో నా వాటా 3,100 దాకా తేలింది. మిగిలిన 7,400 నేను కాల్ చేసినవి.